పేరు పెట్టి రాయమన్న మేడమ్

గజపతినగరంలో ఇంటర్‌కి మాకు ఇంగ్లీషు చెప్పిన మేడమ్ పోయిన ఆదివారం కన్నుమూశారు. చర్చికి తయారై కుర్చీలో కూర్చున్నవారు అలాగే ఒరిగిపోయారని ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి చెప్పారు.

ఆవిడ గురించి చెప్పాలంటే నా జబ్బు గురించి చెప్పాలి. నాకు మూర్ఛ. ఇంటర్ రెండో ఏడు అది ముదిరి పరీక్షలు రాయలేకపోయాను. మరుసటేడు ఎలాగో పాసై, రాష్ట్రం రెండైన ఆ వేసవిలో హైదరాబాదులో ఒక కాలేజీకి దరఖాస్తు పెట్టాను. మధ్యలో చదువెందుకు ఆగిందో సొంతమాటల్లో రాయమన్నారు.

"జొరమని రాసీ. మూర్ఛని తెలిస్తే హాస్టల్లో ఎవులుంచుతారు?" అంది అమ్మ.

నేను జ్వరమని రాయలేదు. మూర్ఛ అనీ రాయలేదు. 'దీర్ఘవ్యాధి', 'దేవుడి పరీక్ష' అంటూ రెండు పేజీలు నింపి మేడమ్ ఇంటికి పట్టుకెళ్లాను. పెరట్లో చేపలు తోముతున్న ఆవిడ చేతులు కడుక్కుని, నిలబడే చదివారు. క్లాసులో అచ్చు పుస్తకంలా మాట్లాడే మనిషికి కోపమొస్తే మా యాసే వచ్చేది.

"ఇదేటే? ఇది సదివినోల్లు నువ్వు సచ్చిపోయినావనుకుంతారు. జబ్బుకి పేరు లేదా? దొంగతనం సేసినావేటి దాసుకోడానికి? జాలి పడ్డానికి మీ వీధి నిండా జనమున్నారు, దానికి కాలేజీ ఎందుకు? నువ్వేటి సేసినావో రాయ్."

"నేనేం చేశాను మేడమ్? పడిపోయానంతే."

"మరి క్లాసులో పిల్లలకి నేర్పినదెవులు?"

నాకది తట్టనే లేదు. కాలేజీకి తిరిగొచ్చిన కొత్తలో, నేను పడిపోతే చేతిలో తాళాలు పెట్టొద్దని, నోట్లో ఏమీ కుక్కొద్దని, పక్కకి తిప్పి పడుకోబెట్టమని, బెంచీ మీద పడుకుని మరీ చూపించాను. కొందరు నవ్వారు. నిజంగా పడిపోయిన రోజున ఆ నవ్వినవాళ్లే నన్ను పక్కకి తిప్పారు. అదే రాశాను. మూర్ఛ అన్న మాట మొదటి వాక్యంలోనే పెట్టాను.

ఆ కాలేజీ తీసుకోలేదు. కారణం చెప్పలేదు.

"మీకేటమ్మా, మీ పిల్ల కాదు గదా!" అని అమ్మ మేడమ్ మీద విరుచుకుపడింది.

"నా పిల్లయితే ఇంకా గట్టిగా రాయిద్దును. నిజం సెప్తే తలుపేసుకున్నోల్ల దగ్గర పిల్లనెలా వదుల్తావమ్మా?" అన్నారావిడ. నా వైపు తిరిగి, "ఇంకో కాలేజీకి పంపు. ఒక్క ముక్క మార్చేవంటే ఊరుకోను."

పంపాను. ఇంటర్వ్యూకి పిలిచారు. "హాస్టల్లో పడిపోతే?" అని అడిగారొకాయన.

"మీ పిల్లలక్కూడా నేర్పుతాను సార్" అన్నాను. సీటిచ్చారు.

ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను. మాత్ర వేసుకోవడానికి చాటుకి వెళ్లను.

కాలేజీలో చేరడానికి బయల్దేరిన రోజు విజయనగరం స్టేషన్‌కి అమ్మతో పాటు మేడమ్ కూడా వచ్చారు. నాది పై బెర్తు. ఎవరికీ చెప్పొద్దని అమ్మ నా చెవిలో అంటూండగానే, మేడమ్ బోగీ మధ్యలో నిలబడి, హాజరు పిలిచే గొంతుతో, "ఈ అమ్మాయికి మూర్ఛ ఉంది. కింద బెర్తు ఎవరిస్తారు?" అన్నారు. అందరూ నా వైపు చూశారు. నేను తల దించుకోలేదు. పేపరు చదువుతున్న పెద్దాయన లేచి నిలబడ్డాడు. మేడమ్ ఆ బెర్తు మీద నా దుప్పటి పరిచి, రైలు కూత వేసేదాకా అరచేత్తో ముడతలు సాపు చేస్తూనే ఉన్నారు.