హోల్డాన్ వినని గడ్డ

ఆ రోజు నేను అనకూడని మాట అన్నాను. తొంభైల్లో, హాలియా పోయే బస్సులో పక్క సీటామె పట్నం దవాఖానలో రొమ్ము క్యాన్సర్ గడ్డకు మందు ఎక్కించుకుని వస్తోంది. జంతుశాస్త్రం లెక్చరర్నన్న గర్వంతో, "తంబాకు నమిలి ఉంటవమ్మా," అన్నాను.

"ఎన్నడు ముట్టలే సారూ. మా అత్త పాపమంటది, మీరు తంబాకంటరు," అని నవ్వింది. అంతలో కండక్టర్ "హోల్డాన్" అని అరిస్తే బస్సు ఆగింది, "రైట్ రైట్" అంటే కదిలింది. ఆమె అతని వైపు చూపించింది.

"గిట్లనే చెప్పింది డాక్టరమ్మ. ఒంట్ల ఒక కణం రెండు కావాల్నంటే లోపల ఎవరో రైట్ అనాలెనట. లోపలి పోగు తెగుంటే హోల్డాన్ అనాలెనట. నా గడ్డల రైట్ రైటే గని హోల్డాన్ లేదట."

ఆమె అన్న పోగు డీఎన్ఏ. ఆ 'రైట్' చెప్పేవి కైనేజులనే ప్రోటీన్లు. పదేళ్లుగా కణవిభజన బొమ్మలు బోర్డు మీద గీస్తున్నాను. నా ఒంట్లో కూడా క్షణక్షణం ఆ మాట నడుస్తోందని ఎన్నడూ ఆశ్చర్యపోలేదు.

"గీ ముచ్చట నేను చెప్తే అత్త నమ్మది. అంటుకుంటదని నా బిడ్డను నన్ను ఎత్తుకోనిస్తలేదు సారూ."

హాలియాలో ఆమెతో పాటే దిగాను. వాళ్ల వాకిట్లో నిలబడి వాళ్లత్తతో, "ఇది పాపం కాదవ్వా, అంటుకునేది కాదు. నేను గూడ ఈమెనే తప్పుపట్టిన. తప్పు నాది," అన్నాను. ముసలమ్మ చంకలోని పిల్లను కోడలికి అందించింది.