ఇందుమూలముగా గంగాలమ్మకు

సన్యాసిరాజు గారిది సబ్బవరం పక్క వ్యవసాయ కుటుంబం. తండ్రి దున్నిన చాలు గట్టు దగ్గరైనా ఆగేది. కొడుకు రాసే వాక్యానికి ఆ గట్టు కూడా లేదు. విశాఖలో ఒక ప్రభుత్వ ఆఫీసులో నోటీసులు రాయడం ఆయన ఉద్యోగం. ‘సదరు’, ‘ఇందుమూలముగా’ లేని కాగితం బయటికి పంపడమంటే ఆయనకి చొక్కా లేకుండా బజారుకి వెళ్లినట్టే. పప్పులో ఉప్పు తక్కువైనా ‘ఈ విషయమై పరిశీలించగా’ అని మొదలుపెడతారని భార్య రోజారమణి చెప్పుకుని నవ్వుతుంది. అందులో అబద్ధమేమీ లేదు.

కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ ఒక పద్ధతి పెట్టింది. ఏ నోటీసైనా ఎవరికోసం రాశారో వాళ్లలో ఒకరికి ముందు చదివి వినిపించాలి. వాళ్లు సరేనంటేనే సంతకం.

అప్పుడే గోపాలపట్నంలో రోడ్డు వెడల్పు పని వచ్చింది. తోపుడుబళ్ల వాళ్లు శుక్రవారంలోగా దరఖాస్తు ఇస్తే వేరే చోటు ఇస్తారు. ఇవ్వకపోతే బండి తీసేస్తారు, అంతే. సన్యాసిరాజు గారు ఈ ముక్కని పేజీ నిండా పరిచి, రోజూ తాను ఇడ్లీ తినే గంగాలమ్మ బండి దగ్గరికి తీసుకెళ్లారు. ఆ బండి తప్ప ఆమెకి వేరే బతుకుతెరువు లేదు.

ఆయన రాగం తీసి చదువుతుంటే గంగాలమ్మ ఇడ్లీపాత్ర మీద మూతపెట్టి, చేతులు కట్టుకుని నిలబడి వింది.

“ఎంత బాగా రాసినారు బాబూ! పురాణం ఇన్నట్టుంది” అంది.

ఆయన పొంగిపోయి, ‘వినిపించడమైనది’ అని రాసుకుని వెళ్లిపోయారు.

శుక్రవారం వచ్చింది, దరఖాస్తు ఒక్కటీ రాలేదు. పొద్దున్నే బండి దగ్గర అడిగారు.

“దరఖాస్తు ఇవ్వలేదేం, గంగాలమ్మా?”

“ఏటి దరఖాస్తు బాబూ?”

“మొన్న చదివి వినిపించాను కదా!”

“అదా! అదేదో పెద్దోళ్ల యవ్వారం అనుకున్నాను. మాలాటోళ్లకి అంతేసి మాటలు ఎవులు రాస్తారు?”

“మరి అర్థమైందన్నావు?”

“నానెప్పుడన్నాను? బాగుందన్నాను. మీరంత ముచ్చటగా సదవతంటే బాగునేదని ఎలాగంటాను?”

ఆయన ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టేశారు. తన చేతిరాతతో ఈమె పొయ్యి ఆరిపోయేదే కదా అనుకుంటే ఆయనకి నిజంగా సిగ్గేసింది. ఆఫీసుకి పరుగెత్తి ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆఫీసరమ్మ సోమవారం సాయంత్రం దాకా గడువు పెంచి, “మళ్లీ రాయండి” అంది.

కలం ‘సదరు’ వైపే పోతుంటే, గంగాలమ్మ ఎదురుగా నిలబడినట్టు ఊహించుకుని రాశారు. ‘గంగాలమ్మా, రోడ్డు వెడల్పు చేస్తున్నాం. మీ బండి ఇక్కడ ఉండదు. వేరే చోటు కావాలంటే సోమవారం సాయంత్రం ఐదింటిలోగా ఆధార్ కార్డు పట్టుకుని మా ఆఫీసుకి రండి. రాకపోతే చోటు దొరకదు.’ దాన్ని బండి దగ్గర ఒకసారి చదివి వినిపించి, సరేననిపించుకున్న తొందరలో పైనున్న పేరు కొట్టేయడం మరిచిపోయారు. అది అలాగే అచ్చయి జంక్షన్ అంతా అతికించేశారు.

సోమవారం ఆఫీసు కేటాయించిన కిటికీ దగ్గర తోపులాట. పళ్లబండి కరీం నవ్వుతూ, “పిలిచింది గంగాలమ్మనే గానీ, మేమూ వచ్చేశాం సార్” అన్నాడు. అందరూ వచ్చారు, గంగాలమ్మ ఒక్కతే రాలేదు. ఐదు కావస్తుంటే సన్యాసిరాజు గారు గేటు దగ్గర నిలబడి రోడ్డు వైపే చూస్తూ ఉండిపోయారు. చివరికి ఆమె గరిట చేత్తోనే రొప్పుతూ వచ్చింది.

“దారిపొడుగునా కాగితం మీద నా పేరు సూసినోళ్లు ఆపీసి, ఏటి తప్పు సేసినావని నన్నే అడగతన్నారు బాబూ! ఆళ్లకి సెప్పేసరికి ఈ ఏలయిపోనాది.”

ఆయన దరఖాస్తు స్వయంగా రాసి, వేలిముద్ర వేయించి, లోపల ఇచ్చి వచ్చారు. ప్రాణం కుదుటపడింది. అయినా రాసే చెయ్యి ఊరుకోదుగా!

“ఈసారి నోటీసు ఎలా ఉంది, గంగాలమ్మా?”

ఆమె మూతి విరిచింది.

“ఏటి సెప్పమంటారు బాబూ, ఈ పాలి అస్సలు బాగునేదు. ఒక్కపాలి ఇంటే తెలిసిపోనాది.”