అక్క అంటించిన చిరునామా

తెలుగు పుస్తకం తెరవగానే మొదటి పేజీల్లో ‘ప్రతులకు’ అని ఒక చిరునామా ఉంటుంది. పాఠకులెవరూ దాన్ని పట్టించుకోరు. పోలీసులు మాత్రం ముందు అదే చదువుతారని మా అక్క అనేది.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. మా ఊరి బస్టాండు వెనక ముప్పయ్యేళ్లు పుస్తకాల షాపు నడిపింది. ఎవరూ వేయని పుస్తకాలు తనే అచ్చు వేసింది. ఒక ప్రభుత్వం పుస్తకాలు పట్టుకుపోయింది, తర్వాతది షాపుకే సీలు వేసింది. నేనేమో సిడ్నీలో, పెండిల్ హిల్‌లో, ఆవిడ పంపిన పుస్తకాలు గరాజ్‌లో పేర్చుకుని, మనవాళ్ల ఫంక్షన్లలో బల్లేసి అమ్మి, ఏదో పొడిచేస్తున్నాననుకునేవాణ్ణి.

షాపు పోయాక ఫోన్ చేసింది. ఖైదీల ఉత్తరాల పుస్తకం ప్రెస్సుకి వెళ్తోందట.

“ఒరేయ్, అడ్రస్ లేకుండా వేస్తే అదో కేసు. ఇక్కడ ఎవర్నడిగినా దణ్ణం పెట్టేస్తున్నారు. నీది వెయ్యనా? అంత దూరం ఎవడొస్తాడు?”

“వేసెయ్ అక్కా, దానికి అడగాలా!” అన్నాను. అబ్బో, అప్పుడు నా వాలకం చూడాలి!

ఆ ఆదివారం బార్బెక్యూ దగ్గర, మా వీధిలో ఉండే డాక్టర్ అంకుల్‌కి గొప్పగా చెప్పాను. ఆయన చేతిలో ప్లేటు కింద పెట్టేశాడు. “ఆర్ యూ మ్యాడ్? వీసా లేకుండా ఇండియా రానిచ్చేది ఆ ఓసీఐ కార్డే, అది క్యాన్సిల్ చేస్తే ఎయిర్‌పోర్ట్ నుంచే వెనక్కి పంపేస్తారు. ఇండియా మొహం మళ్లీ చూడవు. మనకెందుకయ్యా ఈ పాలిటిక్స్?”

మూడు రోజులు ఆఫీసులో పని సాగలేదు. నాలుగో రోజు అక్కకి ఫోన్ చేసి, కార్డు, పిల్లలు అంటూ నీళ్లు నమిలాను.

“అచ్చయిపోయిందిరా,” అంది. మళ్లీ తనే, “సరేలే, నేను చూసుకుంటా. నువ్వు భయపడకు,” అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

నెలకి పార్సిల్ వచ్చింది. ప్రతి కాపీలోనూ నా అడ్రస్ మీద తెల్ల కాగితం ముక్క అంటించి, తను ఒంటరిగా ఉండే ఇంటి అడ్రస్ చేత్తో రాసింది. అప్పటిదాకా షాపు జోలికే వచ్చినవాళ్లు ఈసారి నేరుగా ఆ ఇంటికే వెళ్లారు. అక్క జైల్లో పడి ఏడాది దాటింది. బెయిలు అడిగినప్పుడల్లా వాయిదా. బయటికొస్తుందన్న ఆశ నాకు లేదు. లాయరుకీ లేదు, మర్యాదకి వస్తుందంటాడంతే.

అదే కార్డుతో పోయిన డిసెంబర్లో ఇండియా వెళ్లొచ్చాను. ఎయిర్‌పోర్టులో నన్నెవరూ ఏమీ అడగలేదు. జైలుకి వెళ్లి అక్కని చూడలేదు. భయమేసింది. ఇంకో కారణం చెప్పుకుందామన్నా లేదు.

మొన్న మా అమ్మాయి గరాజ్‌లో ఆ పుస్తకం తీసింది. దానికి తెలుగు చదవడం రాదు. ఊరికే ఆ కాగితం ముక్కని గోటితో లేపింది. కింద ఇంగ్లిషులో అచ్చయి ఉంది.

“నాన్నా, దిస్ ఈజ్ అవర్ అడ్రస్! ఎవరు కవర్ చేశారు?”

అది లోపలికెళ్లాక దాని గ్లూ స్టిక్కే తీసుకుని, అక్క చేతిరాతని మళ్లీ మా ఇంటి మీద అంటించి గట్టిగా నొక్కాను.