మల్లన్న కాక చెప్పే కొరియా సినిమాలు

పొద్దున ఏడున్నరకు ఎల్లారెడ్డిలో బయలుదేరి కామారెడ్డికి పోయే తుఫాన్ జీపు బండికి మల్లన్న డ్రైవరు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. అవసరం లేకుండా హారన్ కొట్టడు, అవసరం లేకుండా మాట్లాడడు. బండిలో రోజూ ఎక్కేవి దాదాపు అవే ముఖాలు. కామారెడ్డిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే సాయిలత, అక్కడే మందుల కౌంటర్‌లో పనిచేసే కళ్యాణి, బట్టల దుకాణంలో కుదిరిన సునీల్‌కుమార్. లింగంపేట దాటాక తండా మలుపు దగ్గర గంగ ఎక్కుతుంది. ఆమె కూడా సాయిలత వాళ్ల ఆస్పత్రిలోనే ఆయా. వెనక సీట్లో మూలకు కూర్చుని, కామారెడ్డి వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ ఉండేది.

సాయిలతకూ కళ్యాణికీ ఆ మధ్య కొరియా పిచ్చి పట్టింది. ముందు ఫోన్లో ఒక సీరియల్ చూశారు. తర్వాత ఇంకోటి. ఇక బండి ఎక్కిన దగ్గర్నుంచి అదే ముచ్చట. ఆ హీరో చర్మం ఎంత నున్నగా ఉంది, ఆ పిల్ల కోటు ఎంత బాగుంది. ఒకరోజు కళ్యాణి గుండె మీద చెయ్యి పెట్టుకుని, "సరంగ్‌హే!" అంది, ప్రేమిస్తున్నానని చెప్పే సినిమా పద్ధతిలో.

"గట్ల కాదు బిడ్డా," అన్నాడు మల్లన్న, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే. "సారాంగే. నడుమ 'హ'ను మింగెయ్యాలె."

కళ్యాణి నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయింది. సాయిలత ముందు సీటు పట్టుకుని వంగి, "కాకా! నీకు కొరియా భాష వస్తదా?" అని అడిగింది.

"వస్తది అనెటంత రాదు. తిట్లు మంచిగొస్తయి," అన్నాడు మల్లన్న.

ఆ రోజు నుంచి ఆయన కథ సాయిలతకు కొంచెం కొంచెంగా తెలిసింది. తాడ్వాయి దాకా ఒక ముక్క, తిరుగు ప్రయాణంలో ఇంకో ముక్క. మల్లన్న ఇరవై దాటగానే గల్ఫ్‌కు పోయాడు. ఎడారిలో చమురు ఫ్యాక్టరీ కట్టే ఒక కొరియా కంపెనీలో పరంజా కట్టే పని. వాళ్ల ఫోర్‌మన్‌ను అందరూ పాక్ సాబ్ అనేవాళ్లు. "పాక్ అన్నది వాళ్ల ఇంటిపేరని తెల్వక, పాకిస్తాన్ ఆయనేమో అనుకున్న. సలాం అంటి. ఆయన నా దిక్కు చూసి నడుము వంచి దండం పెట్టిండు. పరేషాన్ అయిన," అని నవ్వాడు మల్లన్న.

పాక్ సాబ్ మొదటి రోజు నుంచే "పల్లి, పల్లి!" అని అరిచేవాడట. కొత్తగా వచ్చిన మన జిల్లా వాళ్లంతా ఈయనకు పల్లీలంటే ఇంత ఇష్టమా అనుకున్నారు. సదాశివనగర్ వైపు నుంచి వచ్చిన ఒకతను ఇంటి నుంచి తెచ్చుకున్న వేయించిన పల్లీలు పొట్లం కట్టి ఇచ్చాడు కూడా. పాక్ సాబ్ అవి తిన్నాడు. తిని, మళ్లీ "పల్లి, పల్లి" అన్నాడు. ఆ మాటకు త్వరగా కానివ్వండి అని అర్థమని తెలిసేసరికి పొట్లం ఖాళీ అయింది. బండిలో అందరూ విరగబడి నవ్వారు. సాయిలత అనుకోకుండా వెనక్కి చూసింది. గంగ నవ్వలేదు కానీ, కిటికీలోంచి చూడటం మానేసి ఇటే వింటోంది.

క్యాంపులో శుక్రవారం శుక్రవారం కొరియా వాళ్ల మెస్ హాల్లో తెల్ల దుప్పటి కట్టి సినిమా వేసేవాళ్లు. మల్లన్న మొదట పోయింది సినిమా కోసం కాదు, హాల్లో చల్లగా ఉంటుందని. వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు. మనుషుల ముఖాలు చూసి తనే కథ అల్లుకునేవాడు. మరునాడు పని దగ్గర పాక్ సాబ్‌ను అడిగి సరిచూసుకునేవాడు. ఏ ముసలాయన ఎవరికి తండ్రి, ఆ పిల్ల ఎందుకు ఏడ్చింది. పాక్ సాబ్ చేతులతో, సగం ఇంగ్లీషుతో, సగం హిందీతో చెప్పేవాడు. అట్లా అట్లా భాష ఒంటబట్టింది. "నాయినను అప్పా అంటరు వాళ్లు. మన బిచ్కుంద దిక్కు కన్నడపోళ్లు అన్నట్టే. ఆ ఒక్క మాట ఇన్నంక వాళ్లు నాకు పరాయోళ్లు అనిపియ్యలే," అన్నాడు.

పద్దెనిమిదేళ్లు అక్కడున్నాడు మల్లన్న. అన్నేళ్లలో ఎన్ని సినిమాలు చూశాడో ఆయనకే తెలియదు. వాటి పేర్లు మాత్రం ఒక్కటీ తెలియదు. డ్యూటీ దిగి, కాళ్లూ చేతులూ కడుక్కుని హాల్లోకి వచ్చేసరికి ఎప్పుడూ పేర్లు పడిపోయి ఉండేవి. అందుకని తనే పేర్లు పెట్టుకున్నాడు. గొడుగుల సినిమా. మూగ వంటాయన సినిమా. రెండు బస్సుల సినిమా. దొంగ తల్లి సినిమా.

"నాకొక మంచి సినిమా చెప్పు కాకా," అని అడిగింది సాయిలత. ఏ హీరో అంటే ఇష్టమో అడుగుతాడనుకుంది. మల్లన్న అది అడగలేదు.

"ఎవరితోని కూసోని చూస్తవు?"

"అమ్మతోని. ఇంట్ల ఒక్కటే టీవీ గదా."

"అమ్మకు నీ కొరియా పోరగాండ్లు పసందా?"

"మొఖానికి పౌడర్ పూసుకున్న పోరగాండ్లు అని తిడ్తది."

మల్లన్న ఒక కల్వర్టు దాటేదాకా ఆలోచించాడు. "అట్లయితే గొడుగుల సినిమా చూడుండ్రి. ఎప్పుడూ వాన పడే ఊర్లె గొడుగులు బాగుచేసేటాయన, ఆయన బిడ్డ. గంతే. పెద్ద కథ ఏం లేదు. చూడుండ్రి."

కళ్యాణి రక్తాలు కారే సినిమా అడిగింది. ఉంది కానీ ఇప్పుడే వద్దన్నాడు మల్లన్న. ఆమె వినకుండా ఎక్కడో వెతికి అలాంటిది ఒకటి చూసేసింది. రెండు రోజులు ఆస్పత్రిలో లిఫ్ట్ ఎక్కడానికి భయపడి మెట్లెక్కింది. "మిరపకాయ బజ్జి పొయ్యి మీదికెల్లి తీసి నోట్లె వెట్టుకుంటివి. జర చల్లారనియ్యొద్దా?" అన్నాడు మల్లన్న. పెళ్లి కుదిరిన సునీల్‌కుమార్ ప్రేమ సినిమా అడిగితే, "పిల్లతోని ఫోన్ల మాట్లాడుతున్నవా?" అని అడిగాడు. సునీల్‌కుమార్ సిగ్గుపడి, ఏం మాట్లాడాలో తెలియట్లేదన్నాడు. మల్లన్న రెండు బస్సుల సినిమా చెప్పాడు. "ఇద్దరూ వేరే వేరే చూడుండ్రి. తెల్లారి ముచ్చట వెట్టుకోనీకి ఒకటి దొరుకుతది."

గొడుగుల సినిమా పేరు తెలియదు కాబట్టి దాన్ని వెతికే పని సాయిలత మీద పడింది. వాన, గొడుగులు, తండ్రి, కూతురు అని ఫోన్లో రకరకాలుగా కొట్టి, దొరికిన ప్రతి బొమ్మా మల్లన్నకు చూపించింది. కామారెడ్డి బస్టాండు పక్కన బండి ఆపినప్పుడు చూసి చూసి, చివరికి ఒక బొమ్మ దగ్గర, "గిదే! గిదే బిడ్డా!" అని చిన్నపిల్లాడిలా ఎగిరాడు. డ్యూటీకి ఇంకా టైముంది. సాయిలత ఫోన్‌ను స్టీరింగ్‌కు ఆనించి సినిమా పెట్టింది. మల్లన్న తన జీవితంలో మొదటిసారి ఆ సినిమా మొదలు చూశాడు. అందులో గొడుగులాయన భార్య పెట్టె సర్దుకుని, తలుపు ధడాలున వేసి, వానలో నడిచి వెళ్లిపోయింది.

"అలిగి పోయిందా ఈమె!" అన్నాడు మల్లన్న. "నేను ఇన్నేండ్లు సచ్చిపోయిందనుకుంటి. పాక్ సాబ్‌ను గూడ అడగలే, బాధైతదని."

ఫోన్ సాయిలత చేతికిచ్చాడు. "అయితే ఆమె యాడనో ఉన్నట్టు. మంచిగైంది," అని బండి తాళం తీసుకున్నాడు. ఆస్పత్రికి నడుస్తూ సాయిలత ఆ మాటే తలుచుకుంది. సినిమాలో మనిషి బతికి ఉన్నందుకు ఇంత సంతోషపడేవాణ్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. వాళ్లమ్మ ఆ ఆదివారం సినిమా మొత్తం చూసి, చివర్లో కొంగుతో ముక్కు తుడుచుకుని, "గిట్లాంటిది ఇంకోటి ఉన్నదేమో అడుగు ఆయన్ను," అంది.

ఒక సోమవారం, ఎవరూ ఊహించకుండా వెనక సీట్లోంచి గంగ మాట వినిపించింది. "అన్నా, అందరికీ చెప్తున్నవు. నాకేం చెప్పవా?"

మల్లన్న అద్దంలోకి చూశాడు. "చెప్త చెల్లె. ఎందుకు చెప్ప?"

"నాకు చదువు రాదు. టీవీ కింద ఉరికే అక్షరాలు నాకు తెల్వయి."

గంగ భర్త రూప్లా చెరకు కొట్టే పనికి మహారాష్ట్ర పోయి, అక్కడే ట్రాక్టర్ బోల్తా పడి చనిపోయాడని సాయిలతకు ఆస్పత్రిలో ఎవరో చెప్పారు. రెండేళ్లయింది. గంగ ఆ సంగతి ఎవరితోనూ ఎత్తేది కాదు. ఎవరైనా ఎత్తితే బకెట్ తీసుకుని అక్కణ్నుంచి వెళ్లిపోయేది.

మల్లన్న ఆలోచించుకోవడానికి రెండు రోజులు తీసుకున్నాడు. మూడో రోజు తండా మలుపు దగ్గర గంగ ఎక్కగానే అన్నాడు. "ఆయితారం మా ఇంటికి రా చెల్లె. నవ్వుకునే సినిమా ఉన్నది. మాటలు నేను చెప్త. సాయిలతా, నువ్వు గూడ రా."

ఆదివారం మధ్యాహ్నం సాయిలత పోయేసరికి గంగ అప్పటికే మల్లన్న భార్య మహేశ్వరి పక్కన చాప మీద కూర్చుని ఉంది. పాక్ సాబ్ మల్లన్నను సాగనంపుతూ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోని సినిమాల్లో ఒకటి అది. కింద అక్షరాలు లేనే లేవు. రేవు ఊళ్లో చేపల చారు అమ్మే ఒక నోటి దురుసు మనిషి కథ. చారులో ఉప్పు ఎక్కువైందన్న వాళ్లను గరిటెతో తరుముతుంది. మల్లన్న టీవీ పక్కన స్టూలు వేసుకుని అందరి మాటలూ తనే చెప్పాడు. ముసలమ్మకు ఒక గొంతు, పోలీసుకు ఒక గొంతు. చారు అమ్మే ఆమెకు అచ్చం ఎల్లారెడ్డి అంగట్లో కూరగాయలమ్మే వాళ్ల గొంతు. మహేశ్వరి నవ్వలేక పొట్ట పట్టుకుంది. గంగ కూడా నవ్వింది. ఆమె పలువరస సాయిలత అప్పుడే మొదటిసారి చూసింది.

సినిమా సగం దాటాక చారు అమ్మే ఆమె మొగుడి పడవ తిరిగి రాలేదు. మల్లన్న గొంతు తగ్గింది. ఆయన ముఖం చూస్తేనే తెలిసింది, ఈ భాగం సంగతి మరిచిపోయాడని. ఆయనకు గుర్తున్నదల్లా గరిటె. తెర మీద ఆమె మొగుడి ఫోటో ముందు చారు గిన్నె పెట్టి, కూర్చుని, మాట్లాడటం మొదలుపెట్టింది. మల్లన్న రిమోట్ కోసం చెయ్యి చాపాడు.

"ఆపకు అన్నా," అంది గంగ. "ఏమంటున్నది ఆమె?"

మల్లన్న విన్నాడు. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కవచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. కానీ తల అడ్డంగా ఊపాడు. "ఇది వాళ్ల పల్లె మాట చెల్లె. పాక్ సాబ్ పట్నమాయన. నాకు ఈ మాటలు తెల్వయి."

"నాకు తెలుసు," అంది గంగ.

ముందు తన తండా భాషలో రెండు మాటలు అంది. అవి ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత తెర మీది ఆడమనిషి పెదాలు కదులుతుంటే, ఆమెను చూస్తూనే తెలుగులో చెప్పింది. "పోయేటోనివి, నాకు చెప్పి పోవద్దా? పండుగకు వస్తున్న అంటివి. నీ చెప్పులు గడప కాడ్నే ఉన్నయి. పిల్ల వాటిని తియ్యనిస్తలేదు. ఒకనాడు కొట్లాడి నీకు అన్నం పెట్టనంటి. అది మనసుల వెట్టుకొని పోయినవా? నేను ఉత్తగనే అన్న. గిన్నెల అన్నం పెట్టి మూతేసి ఉంచిన. నువ్వు చూడక పోతివి."

తెర మీద ఆమె మాటలు ఆగిపోయాక కూడా గంగ ఆగలేదు. మల్లన్న స్టూలు మీద కదలకుండా కూర్చున్నాడు. మహేశ్వరి గంగ వీపు మీద చెయ్యి వేసింది. ఈలోగా సినిమా తన దారిన తాను పోతోంది. చావు ఇంటికి వచ్చిన ఒకడు ఆ చారే తాగి, ఉప్పు ఎక్కువైందని మెల్లగా గొణిగాడు. తెల్ల బట్టల్లో ఉన్న ఆ ఆడమనిషి కళ్లు తుడుచుకుని గరిటె కోసం చూసింది.

ముక్కు చీదుతున్న గంగకు నవ్వొచ్చింది. ఏడుస్తూనే నవ్వింది. "కొట్టు వాణ్ని," అంది.

"కొడ్తది సూడు," అన్నాడు మల్లన్న. మళ్లీ గొంతు మార్చి మాటలు చెప్పడం మొదలుపెట్టాడు.

మరునాడు బండిలో గంగ మూల సీటు వదిలి సాయిలత పక్కన కూర్చుంది. ఆ వారంలో ఆస్పత్రి ఆడవాళ్ల వార్డులో సాయిలత ఒక సంగతి చూసింది. ఆపరేషన్ అయి నిద్ర పట్టక మూలుగుతున్న ఒక ముసలామెకు, గంగ చీపురు గోడకు ఆనించి, చారు అమ్మే ఆమె కథ చెబుతోంది. గరిటె విసిరే దగ్గర చెయ్యి కూడా విసిరింది. "నవ్వియ్యకే, కుట్లు గుంజుతున్నయి," అంటోంది ముసలామె. రక్తం తీసుకోవడానికి వచ్చిన సాయిలత కథ అయ్యేదాకా తలుపు దగ్గరే నిలబడింది. ఆ సాయంత్రం ఆ సంగతి మల్లన్నకు చెప్పింది. "పాక్ సాబ్‌కు తెల్వాలె ఇది. ఆయన ఫోన్ నంబర్ పోయింది," అన్నాడు ఆయన.

తర్వాతి ఆదివారం మల్లన్న ఇంటి ముందు ఆటో ఆగింది. గంగ దిగింది. ఆమె వెనక తండా నుంచి వచ్చిన నలుగురు ఆడవాళ్లు, ఇద్దరు చంటిపిల్లలు. మహేశ్వరి ఉన్న చాపలన్నీ పరిచింది. మల్లన్న పెన్‌డ్రైవ్ చేతిలో పట్టుకుని, వచ్చిన వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ, ఏది పెట్టాలా అని ఆలోచిస్తున్నాడు.

"మస్తు ఆలోచించకు అన్నా," అంది గంగ, ముందు వరసలో చోటు చూసుకుని కూర్చుంటూ. "వీళ్లు వారం దినాలు పత్తి ఏరి వచ్చిండ్రు. మంచి కొట్లాట సినిమా పెట్టు."