చెమట పట్టని ఎండ

యానాం ఫరంపేటలో ఎండుచేపల చిట్టెమ్మను గాలి సంగతి అడగకుండా వడియాలు కూడా పెట్టరు. అడగకపోయినా ఆవిడ చెబుతుంది, అది వేరే విషయం. సముద్రం వైపు నుంచి పైరగాలి వీస్తే నెత్తళ్ళలాంటి చిన్నచేపలు కూడా ఎంతసేపు ఆరబెట్టినా చేతికి అంటుకుంటూనే ఉంటాయట. పడమటి గాలి తిరిగిందా, మధ్యాహ్నానికే గలగలమంటాయట. బజార్లో గంప ముందు కూర్చుని ఆవిడ ఈ మాటలు చెబుతుంటే గాలి ఆవిడ చెప్పుచేతల్లో ఉందేమో అనిపిస్తుంది.

అలాంటి మనిషి గాలి విషయంలో ఒక్కసారి పొరబడింది. అది కూడా ఇక్కడ కాదు, నల్లమల కొండల్లో.

రెండువేల అయిదులో శివరాత్రి మార్చి నెలలో వచ్చింది. అంతకు ముందు వర్షాకాలంలో చిట్టెమ్మ బావగారు అప్పారావు పచ్చకామెర్లు ముదిరి కాకినాడ ఆసుపత్రిలో పడ్డాడు. తాగుడు తెచ్చిన జబ్బని ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన భార్య సత్యవతమ్మ ఆసుపత్రి వరండాలో కూర్చుని శ్రీశైలం మల్లన్నకు మొక్కుకుంది. తన మనిషి తన కాళ్ళ మీద ఇంటికొస్తే శివరాత్రికి అడవిదారిన నడిచి వస్తానంది. అక్కడితో ఆగితే బాగుండేది. కొండల్లో ఆఖరి రోజు నడకలో, గుడి శిఖరం కంటపడేదాకా మంచినీళ్ళు ముట్టనని కూడా అనేసింది. అప్పారావు ఇంటికొచ్చాడు. తోటికోడలిని ఒంటరిగా పంపలేక చిట్టెమ్మ తోడు బయల్దేరింది. బస్సెక్కే ముందు బావగారు ఆమెను పిలిచి, మీ అక్కను జాగ్రత్తగా తీసుకురమ్మని ఒప్పగించాడు.

వాళ్ళను తీసుకెళ్ళినవాడు అగ్రహారం అమ్మన్న. ఆ దారి చాలాసార్లు నడిచినవాడు. అడవి మొదట్లోనే అందరినీ కూర్చోబెట్టి కొండల సంగతి చెప్పాడు. ఈ రోజుల్లో తెల్లవారుజామున వణికిస్తుంది, దుప్పటి పారేసుకోవద్దు. పొద్దెక్కితే ఆకురాలిన అడవి కాబట్టి నీడ ఉండదు. దాహం వేసినా వేయకపోయినా నీళ్ళు తాగుతూ ఉండాలి. ఇదంతా చెప్పి, నీళ్ళ మొక్కు మాత్రం మానుకోమని సత్యవతమ్మను బతిమాలాడు. ఆమె తల దించుకుంది.

అప్పుడు చిట్టెమ్మ కల్పించుకుంది. తనకు వాతావరణం గురించి ఇంకొకరు చెప్పడం ఆవిడకు మొదట్నుంచీ గిట్టదు. అక్క కార్తీక సోమవారాలు పచ్చి గంగ ముట్టకుండా ఉండి, గంపెడు చేపలు మోసిన మనిషని చెప్పింది. తేడా వస్తే తాను చూసుకుంటానని హామీ కూడా ఇచ్చింది. అమ్మన్న మూట భుజానికెత్తుకుని ముందు నడిచాడు.

ఆఖరి రోజు పొద్దున్న నిజంగానే చలి. లోయలో మంచు పాలు పొంగినట్టు నిండిపోయింది. ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని కొంతదూరం నడిచారు. పొద్దెక్కాక మంచు విడిపోయి గాలి మొదలైంది. ఆ గాలి చిట్టెమ్మకు తెగ నచ్చింది. యానాంలో ఈపాటికి రవికె వీపుకు అంటుకుపోయి ఉండేది. ఇక్కడ ఎంత ఎక్కినా ఒంటి మీద చెమట చుక్క లేదు. ఇలాంటి ఎండ అయితే కాశీదాకా నడవొచ్చని తోటికోడలికి చెప్పింది. సత్యవతమ్మ కూడా నవ్వింది. దారిలో ఎవరో పుణ్యాత్ములు మజ్జిగ పోస్తుంటే చిట్టెమ్మ రెండు గ్లాసులు తాగింది, సత్యవతమ్మ దండం పెట్టి ముందుకు సాగింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి సత్యవతమ్మ మాట తగ్గింది. తరవాత నడక తగ్గింది. ఒక మలుపు దగ్గర రాతి మీద కూలబడి, ఏమైందంటే తల మాత్రం ఆడించింది. మొహం తుడుద్దామని చిట్టెమ్మ తువ్వాలు తడిపి తుడిచి, పక్కన పొదమీద వేసింది. మళ్ళీ తీసేసరికి అది ఆరిపోయి ఉంది. తువ్వాలు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇది పడమటి గాలి. చేపల్లో నీరు లాగేసే గాలి. చెమట పట్టకపోవడం కాదు, పట్టినది పట్టినట్టే గాలి ఎత్తుకుపోతోంది. పొద్దుట్నుంచీ తాను మెచ్చుకున్నది దీన్నే.

పెద్ద చేప ఎండిందో లేదో వీపు మీద గిల్లి చూడటం ఆవిడకు అలవాటు. ఆ అలవాటుకొద్దీ తోటికోడలి ముంజేతి మీద చర్మాన్ని గిల్లి వదిలింది. లేచిన మడత అలాగే నిలబడింది. చిట్టెమ్మ అమ్మన్నను కేకేసింది.

అమ్మన్న ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. సీసా పెదవుల దగ్గర పెడితే సత్యవతమ్మ మొహం తిప్పేసుకుంది.

"వద్దే చిట్టీ. మొక్కు తప్పితే ఆయనకేదన్నా అయిపోద్ది."

"అయితే నన్నను అక్కా. నేనే తాగించేననీ, నా వల్లే అయిందనీ ఊరందరి ముందూ అను. నేను మారు మాటాడను. ముందు తాగు."

సత్యవతమ్మ ఆమె కళ్ళలోకి చూసింది. ఆ తరవాత నోరు తెరిచింది. చిట్టెమ్మ కొద్దికొద్దిగా, పసిపిల్లకు పట్టినట్టు పట్టింది. పొద్దువాలేదాకా ఒక బండ నీడలో ఉండి, చల్లబడ్డాక ఇద్దరూ మెల్లగా నడిచారు. శిఖరం కనిపించినప్పుడు సత్యవతమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. అది భక్తో, భయమో చిట్టెమ్మ అడగలేదు.

అప్పారావు మళ్ళీ తాగుడు మొదలుపెట్టాడు. పెరట్లో కట్టెల వెనక సీసా దాచుకోవడం చిట్టెమ్మ కళ్ళారా చూసింది, తిట్టింది కూడా. మరుసటి ఏడు వానల్లో కామెర్లు తిరగబెట్టి పోయాడు. శవం వాకిట్లో ఉండగానే సత్యవతమ్మ, ఊరందరి ముందూ, చిట్టెమ్మ మీదకు వేలు చూపించింది. ఆ రోజు కొండ మీద నీళ్ళు తాగించి నా పసుపుకుంకాలు తుడిచేసిందని గుండెలు బాదుకుంది.

చిట్టెమ్మ ఒక్క మాట అనలేదు. సీసా సంగతి చెబుతానని ఆమె మొగుడు సత్తిబాబు లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మాటిచ్చానంది.

రెండిళ్ళకూ నడుమ ఒక్క గోడే అడ్డం. అప్పట్నుంచీ సత్యవతమ్మ ఆమెతో మాట్లాడదు గానీ, రోజూ పొద్దున్నే వాకిలి ఊడుస్తూ గోడ అవతలికి వినబడేలా శాపనార్థాలు పెడుతుంది. చిట్టెమ్మ ఇవతల చేపలు ఆరబోసుకుంటూ అన్నీ వింటుంది. ఆ మధ్య సరుకు కొనడానికొచ్చిన సీతామహాలక్ష్మి ఆ తిట్లు విని, ఇన్నేళ్ళుగా ఎలా పడుతున్నావమ్మా అని అడిగింది.

చిట్టెమ్మ ఒక చేపను తిరగేసి వేసి, "తిట్టనియ్యండి. మనిషి ఉంటేనే కదా తిట్టేది" అంది.