సెంట్రింగ్ విప్పిన అన్న

గోడ, నేల సమంగా ఉన్నాయో లేదో మేస్త్రీలు రసమట్టం పెట్టి చూస్తారు. గాజు గొట్టంలో చిన్న బుడగ ఉంటుంది, అది మధ్యలో నిలవాలి. మా ముఠాలో టైల్స్ పరిచే అతనికి రసమట్టం అనే పేరే పెట్టాం. బుడగతో పనిలేకుండా నేల మీద బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి, "ఆ మూల వెంట్రుకవాసి లేచింది" అనేవాడు. తర్వాత మట్టం పెట్టి చూస్తే లేచే ఉండేది.

అతని అన్న సెంట్రింగ్ మేస్త్రీ. స్లాబు పోసేముందు కింద పలకలు పరిచి కర్రలు నిలబెట్టేదీ, స్లాబు గట్టిపడ్డాక వాటిని విప్పేదీ అతనే. ఇంటివాళ్ళు ఎంత తొందరపెట్టినా లొంగడు. "పైకి గట్టిగానే కనిపిస్తుందండీ. లోపల ఇంకా పచ్చి. ఇప్పుడు విప్పితే రేపు నన్ను తిట్టుకుంటారు, తిట్టడానికి మిగిలితే" అనేవాడు.

ఒకసారి పరంజా జారి రసమట్టం కిందపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ తర్వాత నొప్పికి ఇచ్చిన బిళ్ళలు మొదట్లో బాగానే పనిచేశాయి. ఎముక అతుక్కుంది, కుట్లు మానాయి. బిళ్ళలు మాత్రం మానలేకపోయాడు. ఒకటి చాలక రెండు, ఒక మందుల షాపులో ఇవ్వకపోతే ఇంకో షాపు. అవి అందని రోజు ఆవలింతలు, ముక్కు కారడం, మిట్టమధ్యాహ్నం ఎండలో చలి, కాళ్ళు పీకడం. అందిన రోజు కూర్చున్నచోటే కునుకు. చివరికి అతను పరిచిన వరండాలో నీళ్ళు పోస్తే బయటికి పోకుండా గదిలోకి వచ్చాయి. అన్న మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడి డాక్టరమ్మ, "ఇది బుద్ధి గడ్డితిని చేసిన పని కాదు. జబ్బు" అంది. నాలుక కింద పెట్టుకుని కరగనివ్వాల్సిన బిళ్ళ రాసి, డబ్బా అన్న చేతికిచ్చింది. "రోజూ మీ చేత్తో ఇవ్వండి. నేను చెప్పేదాకా ఆపొద్దు."

"మరి ఎప్పటికి మానేస్తాడమ్మా?"

"లోపలి గాయం మానడం వేరు, మందు మానడం వేరు. మొదటిది కానివ్వండి."

డబ్బా అన్న పనిముట్ల సంచిలో ఉండేది. పొద్దున్నే వెళ్ళి ఇచ్చేవాడు. బిళ్ళ కరిగేదాకా తమ్ముడు మాట్లాడకూడదు, సైగలు చేసేవాడు. భార్య నవ్వేది. "మా ఇంట్లో ఈయన నోరు మూసుకునేది ఈ కాసేపే బావగారూ. ఇంకో రెండు రాయించుకు రండి."

మనిషి తేరుకున్నాడు. కునుకు పోయింది, చేతికి పాత నిదానం వచ్చింది. మళ్ళీ బోర్లా పడుకుని కన్ను మూసి నేల చూస్తుంటే మాకు ప్రాణం లేచొచ్చింది.

అయితే పనిలో అందరిదీ ఒకటే ప్రశ్న. "ఏం మేస్త్రీ, తమ్ముడు మానేశాడా?"

"మానేశాడు. ఇప్పుడు వేరే మందు..."

"అంటే బీడీ మానేసి చుట్ట పట్టాడన్నమాట" అని కంకర ఎత్తే అతను అనేసరికి అందరం నవ్వాం. మేస్త్రీ నవ్వలేదు. ఆ మాట అతనికి ముల్లులా దిగింది.

మర్నాడు సంచిలోంచి డబ్బా తీయలేదు.

"ఇక చాలురా. బాగానే ఉన్నావుగా."

"బాగున్నది దీనివల్లే అన్నా. సెంట్రింగ్ అప్పుడే విప్పేస్తావా?"

"అది సిమెంటు. నువ్వు మనిషివి. గట్టిగా అనుకుంటే చాలు."

"డాక్టరమ్మని అడిగారా బావగారూ?" అంది భార్య.

"కళ్ళెదుట కనిపిస్తుంటే అడిగేదేముందమ్మా."

అన్న మాటకి ఎదురుచెప్పడం తమ్ముడికి చిన్నప్పటినుంచీ లేదు. అప్పటినుంచి మేస్త్రీ తలెత్తుకు తిరిగాడు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ "మావాడు పూర్తిగా మానేశాడు" అని చెప్పుకున్నాడు. తమ్ముడికి కంటిమీద కునుకు లేదనీ, కాళ్ళు మళ్ళీ పీకుతున్నాయనీ భార్యకి తప్ప ఎవరికీ తెలియదు. "అన్నయ్యకి చెప్పకు, పాపం అందరికీ చెప్పుకుంటున్నాడు" అన్నాడట ఆమెతో.

కొన్ని వారాలకి, భోజనాల వేళ, కొత్త ఇంటి వెనక గదిలో గోడకి ఆనుకుని కూర్చుని కనిపించాడు. తాపీ ఒళ్ళో ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. జేబులో ఆ పాత నొప్పి బిళ్ళల అట్ట ఉంది. ఆసుపత్రికి మోసుకుంటూ పరిగెత్తాం. ఊపిరి అప్పటికే ఆగిపోయిందన్నారు.

డాక్టరమ్మకి అట్ట చూపిస్తే అసలు సంగతి చెప్పింది. కొన్నాళ్ళు దూరంగా ఉంటే ఒళ్ళు పాత మోతాదుని తట్టుకోలేదట. ఒకప్పుడు నొప్పి తగ్గించినవే ఇప్పుడు ఊపిరి ఆపేస్తాయట. తర్వాత మేస్త్రీ వైపు తిరిగి, "నేనిచ్చిన మందు మానేశాడా?" అని అడిగింది.

అన్నాళ్ళూ ఊరంతా చెప్పుకున్న మాటే. ఆ ఒక్కచోట నోట్లోంచి రాలేదు. తల ఊపాడు.

తమ్ముడి భార్య అతన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని మాకనిపించింది.

కర్మలయ్యాక పనికి వెళ్తే ఆ కొత్తింటి యజమాని వచ్చి పైస్లాబు ఎప్పుడు విప్పుతారని అడిగాడు. "వేరేవాళ్ళని పిలిపించుకోండి. నేనిక విప్పను" అని మేస్త్రీ వెనక గదిలోకి వెళ్ళాడు. తమ్ముడు పరిచిన నేల గడపదాకా వచ్చి ఆగింది. ఇంకొక్క వరుస మిగిలి ఉంది. మేస్త్రీ ఆ నేలమీద బోర్లా పడుకుని, చెంప ఆనించి, ఒక కన్ను మూశాడు.

కాసేపటికి రెండో కన్నూ మూసుకున్నాడు, చెంప కింద టైలు తడిసింది. మేమెవరమూ లేపలేదు.