సుగుణక్క ఇచ్చిన దూరం

మొన్న టమాటా అమ్ముకుని, మదురై మాట్టుతావణి బస్టాండులో మా ఊరు వాడిపట్టికి బస్సెక్కాను. నా ముందు సీట్లో ఒక స్కూలు పిల్ల వచ్చి కూర్చుంది. దాని తడి జడలోంచి క్లోరిన్ వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే నాకు సుగుణక్క గుర్తొస్తుంది. ఆవిడ చెయ్యి కనకం భుజం మీద ఉన్నట్టే గుర్తొస్తుంది. ఇన్నేళ్ళయినా ఆ చెయ్యి అక్కడినుంచి తీయించలేకపోయాను.

చదువుకోసం నేను మదురైలో మా అత్త ఇంట్లో ఉండేదాన్ని. సుగుణక్కది రెండిళ్ళ అవతల. ఊళ్ళోని ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పేది. పొట్టి మనిషి, గట్టి గొంతు. కొలను దగ్గర అందరితో అరవంలో మాట్లాడేది, నాతో మాత్రం మన ఇంటి తెలుగులో. "తల దించవే రాజీ, ఆకాశం ఏమన్నా పడిపోతాదా?" అనేది. చుట్టూ ఉన్న పిల్లలకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆ మాటలు నా ఒక్కదానివే అనుకుని మురిసిపోయేదాన్ని.

తర్వాత ఆండిపట్టి అనే ఊరినుంచి కనకం మా కొలనుకు వచ్చింది. పొలం బావుల్లో దూకి ఈత నేర్చుకున్న పిల్ల. మొదటిరోజే అక్క దగ్గరికెళ్ళి, "మీరూ మనోళ్ళేనంట కదక్కా?" అంది తెలుగులో. అక్క ముఖం విప్పారింది. ఆ పూట వాళ్ళిద్దరూ నవ్వుకుంటూ మాట్లాడుతుంటే, నా పెట్టె తెరిచి నా బట్టలు ఎవరో కట్టుకున్నట్టు అనిపించింది. పైగా కనకం వేగం అలాంటిలాంటిది కాదు. యాభై మీటర్ల పందెంలో అది దూకిందంటే మిగతా పిల్లలం దాని వెనక నురగ మింగాల్సిందే.

కొన్ని వారాలకు అక్క నన్ను గట్టుమీద కూర్చోబెట్టింది. "ఇకమీదట నీకు ఎనిమిది నూర్ల పందెం" అంది.

"కనకానికి?"

"దానికి యాభై, నూరు."

పొట్టి పందేల్లో గెలవలేనివాళ్ళను అటు తోస్తారని అందరం అనుకునేవాళ్ళం. నా కళ్ళల్లో నీళ్ళు చూసి కూడా అక్క ఓదార్చలేదు. వేగం సంగతి చెప్పుకొచ్చింది.

"యాభై పోయే వేగంతో నూరు పోలేవు. నూరు పోయే వేగంతో ఇన్నూరు పోలేవు. మొదట్లో దబదబా దిగిపోతాది వేగం. నాలుగు నూర్ల కాడికి వచ్చినాక మాత్రం అంతగా దిగదు. నన్నూరుకీ ఎనిమిది నూర్లకీ తేడా కొంచమే. ఆ కొంచెం ఎవరు కాపాడుకుంటారో వాళ్ళదే పందెం. అవ్వళవుదాన్, అంతే. ముందే కర్చు పెట్టేస్తే ఏమీ మిగలదు."

విన్నాను. కానీ లోపల ఒకటే మాట తిరుగుతోంది: కనకాన్ని తన దగ్గర ఉంచుకుని, నన్ను దూరానికి పంపింది.

ఆ ఏడు పోటీల్లో కనకం యాభై గెలిచింది. అక్క దాన్ని వాటేసుకుని, తన తువాలు దాని భుజాలమీద కప్పింది. ఆ వెంటనే నా పందెం. విజిల్ మోగగానే అక్క ఇటు తిరిగి చూడాలని ఒళ్ళు తెలియకుండా ఈదాను. కొలను ఈ చివరనుంచి ఆ చివరకు, రెండు పొడవుల్లోనే అందరినీ దాటేశాను. గట్టున కేకలు వినిపించాయి. సగం కాకముందే చేతులు తడి గోనెసంచుల్లా అయిపోయాయి. ఒక్కొక్కరే నన్ను దాటిపోయారు. చివరిదాన్నయి గట్టు పట్టుకున్నాను.

అక్క వచ్చి వంగింది. "ఎవురితో పోటీ పడినావే?"

"పక్కనున్నోళ్ళతో."

"లేదు. తువాలు కప్పుకోని కూసున్నదాంతో. అది నీళ్ళలోనే లేదు కదే పాపా."

తిట్టుంటే బాగుండేది. అంత మెల్లగా అన్నందుకు మూడు రోజులు అన్నం సయించలేదు.

మరుసటి ఏడు పోటీల్లో కనకం తన పందెం ఓడిపోయింది. మెట్లమీద కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది. అప్పటికే నా పందేనికి నన్ను పిలిచారు. దూకాను. అక్క దానిదగ్గరికి పోతుందని నాకు తెలుసు. కానీ ఊపిరికోసం తల తిప్పినప్పుడు గట్టుమీద అక్క పాదాలు కనిపించాయి. నాతో సమంగా నడుస్తున్నాయి. నేను తొందరపడితే ఆగేవి, నేను నిదానిస్తే మళ్ళీ కదిలేవి. పొడవు తర్వాత పొడవు, ఆ పాదాలనే చూస్తూ ఈదాను. ఒకసారి తల తిప్పినప్పుడు మెట్లమీంచి "అక్కా" అని కనకం పిలవడం వినిపించింది. పాదాలు ఆగలేదు. ఆ పందెం ఎంత పొడవో అంతసేపు ఆవిడ నాది. ఇంకా పొడవైన పందెం ఉంటే బాగుండునని నీళ్ళలోనే అనుకున్నాను.

రెండోదాన్నయి వచ్చాను. తల ఎత్తేసరికి అక్క మెట్లమీద ఉంది, కనకం తల ఒళ్ళో పెట్టుకుని. ఈతవల్ల కనకానికి తర్వాత సర్కారు ఉద్యోగం కూడా వచ్చింది. నేను వాడిపట్టిలో మా పొలానికి తిరిగొచ్చాను.

పోయినేడు సుగుణక్క పోయింది. చివరి నెలల్లో వారం వారం వెళ్ళి ఆవిడకు తల దువ్వి, అన్నం తినిపించి వచ్చినదాన్ని నేను. చావుకు వచ్చిన కనకం ఆవిడ పాదాలమీద పడి ఏడిస్తే, కన్నకూతురికిచ్చినట్టు అందరూ దారి ఇచ్చారు. నేను గుమ్మం దగ్గర నిలబడిపోయాను. ఆ ఏడుపుమీద కూడా నాకు అసూయే కలిగింది. కాసేపటికి అదే వచ్చి నా పక్కన నిలబడింది. "నీ పేరు చెప్పకుండా అక్క ఫోన్ పెట్టేసేది కాదు తెలుసా? విని విని విసుగొచ్చేది నాకు" అంది. నిజమో, నన్ను సముదాయించడానికి అన్నదో అడగలేదు. నిజమే అనుకోవడం నాకు ఇష్టం.

ఇప్పటికీ పక్క పొలంవాళ్ళ కాపు మాకంటే ముందు లారీకి ఎక్కితే నా ఒళ్ళు మండుతుంది. ఆ మంట తగ్గదని తెలిసిపోయింది. వాళ్ళను చూసి కాయ పండకముందే కోసేద్దామని మా ఆయన తొందరపెడతాడు. "మనకు ఇంకా చానా దూరం ఉండాది" అంటాను. మండుతూనే వెళ్ళి, నా సాళ్ళకు నీళ్ళు మళ్ళించుకుంటాను.